శనక్కాయ అంచు

నాలుగో తరగతి పిల్లలకు 'సౌష్ఠవం', అంటే రెండు సగాలూ ఒకేలా ఉండడం, నేర్పమంది పుస్తకం. ఆ మాట పలకడానికే నాకు దవడలు నొప్పి పుడతాయి. దాన్ని బోర్డు మీద రాసి, పదిసార్లు చదివించి, బొమ్మల క్లాసు అయిపోయిందనిపించే టీచర్లను చూస్తే ఒళ్లు మండుతుంది. అందుకే ధర్మవరం పక్కన, మగ్గాల కాలనీలో ఉన్న మా బడిలో, తలా ఒక శనక్కాయ తెమ్మన్నాను.

తెచ్చారు. కాయను రెండుగా చీల్చి తొక్కలు పక్కపక్కన పెట్టించాను. కాగితం మధ్యకు మడిచి, ఒక పక్క బీట్‌రూట్ రసంతో సగం కాయ వేసి, తడి ఆరకముందే అదమమన్నాను. విప్పి చూస్తే రెండో సగం దానంతటదే దిగి ఉంది. పిల్లల అరుపులకు హెడ్మాస్టరు సుదర్శన్ సార్ తలుపు దగ్గరికి వచ్చి, "ఏమమ్మా అరుణజ్యోతీ, ఇది బడా, సంతా?" అని పోయాడు.

హేమావతి అంతటితో ఆగలేదు. చీరలు నేసే మార్కండేయ కూతురు. నాయన మగ్గం పక్కనే పెరిగింది కాబట్టి గళ్లలో బొమ్మ నింపడం దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. లెక్కల పుస్తకంలోంచి గళ్ల కాగితం చించుకుని, ఒక్కో గడికీ బీట్‌రూట్ రంగు వేస్తూ కాయల్ని వరసగా పేర్చింది. రెండు కాయల్లో రెండేసి గింజలు, మూడో కాయలో ఒక్కటే. మళ్లీ రెండు కాయలు, మళ్లీ ఒంటి గింజ.

"ఇదేంది, మూడోదాంట్లో ఒకటే వేసినావు?" అన్నాను.

"మా అవ్వోళ్ల చేన్లో ఈసారి అట్లే కాసినాయి టీచర్. వాన రాల్యా కదా."

ఎక్కడా చూసి వేసింది కాదు, ఎవరో చెబితే వేసింది కాదు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నేను ఎదురుచూసింది అలాంటి కాగితం కోసమే. కింద పేరు రాయించి, నవంబరు ఇరవై అని తేదీ వేసి, ఆఫీసు గది గోడకు అంటించాను.

జనవరిలో ఆ గోడను ఫోటో తీసి టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గొప్ప కోసమే పెట్టానని ఒప్పుకుంటాను. ఫోటో ఎన్ని ఫోన్లు తిరిగిందో ఏమో, మూడో రోజు పొద్దున పట్టుచీరల వ్యాపారి నాగేశ్వరయ్య కారు బడి ముందు ఆగింది. వెనకాలే మార్కండేయ, తువ్వాలు చేతుల్లో నలుపుకుంటూ.

ఆఫీసు గదిలో సుదర్శన్ సార్ తన కుర్చీని జేబురుమాలుతో తుడిచి ఆయన్ను కూర్చోబెట్టాడు. బడిలో మంచినీళ్ల మిషను పెట్టించింది ఆయనే మరి. కుర్చీ తుడిచిన రుమాలుతోనే సార్ తన మొహమూ తుడుచుకున్నాడు.

"ఏమమ్మా, నా డిజైను ఈ గోడ మీదికి ఎట్ల వచ్చింది?" అన్నాడు నాగేశ్వరయ్య. "మాఘమాసం పెండ్లిండ్లకని దాచిపెట్టుకున్నా. డిజైనుకు చిల్లుల అట్టలు కొట్టించి నాలుగు మగ్గాలకు ఎక్కించినా. ఇప్పుడు బయటపడితే వారంలో ఊరంతా అదే నేస్తారు."

ఫోనులో చీర చూపించాడు. అంచు నిండా శనక్కాయలు. రెండు, రెండు, ఒకటి. బీట్‌రూట్ ఎరుపుతో సహా.

నాకు అర్థమైంది. పిల్ల ఇంట్లో మళ్లీ వేసి ఉంటుంది. నాయన చూసి సావుకారికి చూపించి ఉంటాడు. సావుకారి అది తన బుర్రలో పుట్టిందన్నట్టు మాట్లాడుతున్నాడు.

"ఇది ఈ బడి పిల్ల వేసింది. తేదీ చూడండి," అన్నాను.

"తేదీ ఎప్పుడైనా వేసుకోవచ్చులేమ్మా."

"సరే. మూడో కాయలో ఒకటే గింజ ఎందుకుండాదో చెప్పండి."

ఆయన ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. అంతవరకూ గమనించినట్టే లేదు. "అదా... అందానికి పెట్టినాము."

అందానికట! ఎండిపోయిన చేను అందానికట! ఆ బల్ల మీదే ఉమ్మేయాలనిపించింది.

నాగేశ్వరయ్య వెనక్కి తిరిగాడు. "ఏమప్పా మార్కండేయా, నువ్వు చెప్పు. ఎవురిదీ డిజైను?"

పట్టు ఇచ్చేది ఆయన, నేసిన చీర తీసుకునేది ఆయన. ఆయన వద్దంటే రేపటినుంచి ఆ ఇంట్లో మగ్గం ఆడదు. మార్కండేయ నేల చూస్తూ, "మీదే సావుకారీ," అన్నాడు.

అక్కడితో నేను ఊరుకోవాల్సింది. నా కోపం నన్ను ఊరుకోనిస్తుందా? క్లాసులోకి పోయి హేమావతిని చెయ్యి పట్టుకుని తెచ్చి అందరి మధ్య నిలబెట్టాను.

"భయపడొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఎవరు వేసినారిది?"

ఆ పిల్ల నా మొహం చూసింది. నాయన చేతుల్లో నలుగుతున్న తువ్వాలు చూసింది.

"మా నాయన మగ్గం మీద చూసి వేసినా టీచర్."

"బుద్ధిమంతురాలు," అన్నాడు నాగేశ్వరయ్య.

తొమ్మిదేళ్ల పిల్లను, తిండి ఒక పక్క, నిజం ఒక పక్క పెట్టి తేల్చుకోమన్నది ఆయన కాదు, నేను. ఆ మనిషిని చూసి పుట్టిన అసహ్యమంతా నా మీదికే తిరిగింది. సుదర్శన్ సార్ గోడ మీది కాగితం పీకి ఆయన చేతికిచ్చాడు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆయన డిజైను చూసే పిల్లలు వేశారని ఒక కాగితం రాసి నా ముందు పెట్టారు. సంతకం చేశాను. గ్రూపులోంచి ఫోటో కూడా తీసేశాను.

కారు వెళ్లిపోయి, సుదర్శన్ సార్ బయటికి పోయినా మార్కండేయ కదల్లేదు.

"టీచర్, సావుకారి ఉగాదికి ఇంకోటి అడిగినాడు. పాపతో వేయిస్తారా? ఈడ బడిలో అయితే బాగా వేస్తాది. గోడకు మాత్రం అంటించొద్దండి."

"సిగ్గు లేదా నీకు? ఈసారైనా దీని పేరు చెప్తావా?" అని అరిచాను.

ఆయనకు కోపం రాలేదు. చదువుకున్నదానికి ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూశాడు.

"చీర మీద యాడన్నా పేరుంటాదా టీచర్? ముప్పై ఏండ్లుగా నేస్తాండా. నా పేరే ల్యా."

ఎవర్ని తిట్టాలో తెలియలేదు. బీరువా తీసి కొత్త గళ్ల పుస్తకం హేమావతి చేతికిచ్చాను. అది ఉగాది చీరకేనని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

"పైన పేరు రాయాల్నా టీచర్?" అని అడిగింది.

"నీ ఇష్టమమ్మా," అని తప్పించుకున్నాను. నా మీద నాకు అంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

ఆ పిల్ల ఒకసారి నాయన వైపు చూసి, పేరు రాయకుండానే పెన్సిలు పెట్టెలో పెట్టేసింది.