మాటవరసకి

తమ్ముడి సంస్మరణ సభకు కార్డు నేనే రాశాను. నాలుగే వాక్యాలు. మూడోది: "రసాయనాల గోదాములో రేగిన పొగకు ఊపిరాడక చనిపోయాడు." నిన్న ప్రెస్సులో ఇచ్చి, ఇవాళ ప్రూఫు చూడడానికి వెళ్ళాను.

ప్రెస్సు యజమాని తమ్ముడి స్నేహితుడు. చిన్నప్పటి నుంచీ అందరూ సిరా అనే పిలుస్తారు. నన్ను చూడగానే లేచి కుర్చీ మీది కాగితాలు తీశాడు.

"అక్కా, ఆ మూడో వాక్యం... 'అనారోగ్యంతో' అని మారుద్దామా?"

"వాడికి జలుబైనా లేదు కదరా."

సిరా గొంతు తగ్గించాడు. "పొద్దున లైసెన్సుల ఆఫీసరు వచ్చాడు. టీ తాగుతూ కార్డు చూశాడు. ఇలాంటివి వేస్తే జనం అనవసరంగా కంగారు పడతారన్నాడు. వెళ్తూ వెళ్తూ, ప్రమాదమొస్తే బయటపడడానికి మీ ప్రెస్సుకి రెండో గుమ్మం లేనట్టుంది, లైసెన్సు రెన్యువల్ వచ్చే నెలేగా, అన్నాడు."

"వేయొద్దన్నాడా?"

"అబ్బే! మాటవరసకి అంటున్నానన్నాడు."

గోదాముకు లైసెన్సు ఇచ్చింది కూడా ఆయనే.

ఆయన ఆఫీసు పక్క వీధిలోనే ఉంది. వెళ్ళాను. ఆఫీసరు మర్యాదగా కూర్చోబెట్టాడు.

"మీ తమ్ముడి సంగతి విన్నాను టీచరుగారూ. చాలా బాధేసింది."

"కార్డులో ఆ వాక్యం వేయకూడదాండీ?"

"అయ్యో, ఎవరన్నారు? మీ ఇష్టం. మాట్లాడే హక్కు అందరికీ ఉంది."

"అయితే అదే ఒక ముక్క రాసివ్వండి. ప్రెస్సులో చూపిస్తాను."

ఆయన నవ్వాడు. "వద్దని నేనెప్పుడూ అనలేదే. అనని మాటకి కాగితమెందుకండీ? ఆ గుమ్మం సంగతి మాత్రం త్వరగా చూసుకోమనండి. మంచివాడు పాపం."

సలహాకూ ఆజ్ఞకూ తేడా ఏమిటని పిల్లలు అడిగితే, వినకపోతే ఏమవుతుందో చూడండి అని చెబుతుంటాను. ఆయనకు ఆ పాఠం నాకంటే బాగా వచ్చు.

తిరిగి వచ్చి చెబితే సిరా తల పట్టుకున్నాడు. "ఎందుకెళ్ళారక్కా? ఇప్పుడు నేనే పంపాననుకుంటాడు. మీరు అడిగేసి వచ్చేశారు. రేపు తాళం పడేది నా షట్టరుకి."

లోపల పనివాళ్ళు కాగితాలు మడుస్తున్నారు. అందులో ఒకామె, వినపడనట్టు, తల ఇంకొంచెం వంచుకుంది. నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"అనారోగ్యం అని మాత్రం వద్దు. అబద్ధం కింద నా పేరు ఉండకూడదు. అక్కడ ఖాళీ వదిలెయ్. నేను చేత్తో రాసుకుంటాను."

సిరా ప్రూఫు తీసి మూడో వాక్యం కొట్టేశాడు. "ఎంత ఖాళీ?"

"ఒక వాక్యం పట్టేంత."

కార్డులు వేడివేడిగా బయటికి వచ్చాయి. మొదటిది తీసుకుని, బల్ల మీది పెన్ను అందుకున్నాను. తమ్ముడి పేరు కింద తెల్లటి చోటు. "రసా" వరకు రాశాను.

"ఇక్కడొద్దక్కా," అన్నాడు సిరా, వీధి వైపు చూస్తూ. "ఇంటికెళ్ళి రాయండి."

నా చేతిలోని పెన్ను మెల్లగా తీసుకున్నాడు. దాని మీద ప్రెస్సు పేరుంది.