టీవీలో మెరిసిన రూపాయి

పెత్రమాస పొద్దున కోడలు తాళం తీసిపెట్టిన సందుగ పెట్టెను ఇంద్రమ్మ తెరిచి చూసేసరికి, చనిపోయిన తల్లి బుచ్చవ్వ రూపాయల దండలో నల్లదారం తప్ప ఒక్క రూపాయీ లేదు.

ఆరు వెండి రూపాయలు. తెల్లదొరల కాలం నాటివి. ఒక్కోదాని అంచుకు చిన్న కొండీ అతికించి, దారానికి గుచ్చి, బుచ్చవ్వ బతికినన్నాళ్లూ మెడలో వేసుకుంది. ఆమె పోయాక పన్నెండు రూపాయల దండను సగం చేసి, ఆరు కూతురు ఇంద్రమ్మకు, ఆరు కొడుకు జలపతికి పంచారు. ఏటా పెత్రమాస నాడు పెద్దలకు పెట్టే విస్తరి పక్కన ఇంద్రమ్మ తన వంతు దండ పెట్టి మొక్కుతుంది. ఈసారి పీట మీద పెట్టడానికి దారమే మిగిలింది.

కోడలు రమ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. అత్త ఏడవలేదు, అరవలేదు. చెయ్యి చాపింది.

"తాళంచెయ్యి గిటియ్యి."

"అత్తమ్మా, ఇయ్యాల్టికి ముందు నేను సందుగ తీసి నెల దాటింది."

"నేనేమన్న అన్ననా? తాళంచెయ్యి ఇయ్యమన్న. గంతే."

రమ నడుముకున్న తాళంచెయ్యి తీసి ఇచ్చింది. మోకాళ్ల నొప్పులు మొదలైనప్పుడు ఇంద్రమ్మే దాన్ని రమ చేతిలో పెట్టింది. సిరిసిల్లలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఎనిమిదేళ్లలో రమకు దక్కిన గౌరవం ఏదైనా ఉందంటే అదొక్కటే. అరుగు మీద కూర్చున్న మామ శంకరయ్య తల ఎత్తలేదు.

సాయంత్రం మస్కట్ నుంచి భర్త శ్రీధర్ ఫోన్ చేశాడు. తల్లి అప్పటికే అంతా చెప్పేసింది.

"నువ్వు తియ్యలేదని నాకెరుకే రమా. కని తాళంచెయ్యి నీ దగ్గర్నే ఉండె గద."

రమ ఇంకేమీ వినకుండా ఫోన్ పెట్టేసింది. దొంగను తనే పట్టుకోవాలి. లేకపోతే ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ దొంగ పేరు తనదే.

మర్నాడు పీట మీద ఇంకా అలాగే పడి ఉన్న దారాన్ని చేతిలోకి తీసుకుంది. బయటి దొంగ అయితే దండకు దండే ఎత్తుకుపోతాడు. ఎవరో తీరిగ్గా కూర్చుని దారం తెంపి, రూపాయలు ఒక్కొక్కటే జారవిడిచి, మళ్లీ దారం ముడి వేసి పెట్టారు. ఆ ముడి దగ్గర రమ వేలు ఆగింది. నువ్వుగింజంత ముడి. కొసలు కూడా కనిపించడం లేదు. సాంచ, అదే మరమగ్గం మీద పోగు తెగితే గుడ్డలో తగలకుండా అతికే ముడి అది. రమ నూలు కండెలు చుడుతుందే గాని ఆ ముడి రాదు. అత్తకూ రాదు. ఆ ఇంట్లో నలభై ఏళ్లుగా సాంచలు నడుపుతున్న చెయ్యి ఒక్కటే.

మధ్యాహ్నం సద్ది పట్టుకుని కార్ఖానాకు వెళ్లింది. నాలుగు సాంచల మోతలో శంకరయ్యకు ఆమె మాట వినిపించలేదు. రమ దారం తీసి ఆయన కళ్లముందు పట్టుకుంది.

"మామా, గీ ముడి ఎవలది?"

శంకరయ్య ఒక్కొక్కటిగా నాలుగు సాంచలూ ఆపాడు. ఆ ముడిని వేలితో తడిమాడు.

"నాదే బిడ్డ. టీవీల ఒకటి వస్తది సూడు, పాటల నడుమ. ఒక చెయ్యి రూపాయిని తిప్పుకుంట చూపిస్తది. ఇసొంటిది మీ ఇంట్ల ఉంటే తొమ్మిది లక్షలంటడు. ఒక్కదానికే. రెండు సాంచలు సొంతంగ పెట్టుకుంటే శ్రీధర్‌ను రమ్మందమనుకున్న. కోరుట్లల వాళ్ల ఆఫీసున్నది. తీసుకపోయి ఇచ్చిన. హైద్రాబాద్ పంపి రేటు కట్టిపిస్తమన్నరు."

"తాళంచెయ్యి ఎట్ల దొరికింది?"

"నువ్వు తానానికి పోయేటప్పుడు గూట్లె పెడతవు గద."

"నిన్న అత్తమ్మ నన్నడుగుతుంటే మీరు ముంగటనే ఉన్నరు."

"ఉన్న."

"చెప్పలే."

"చెప్పలే బిడ్డ." ఆయన కండె ఒకటి తీసి ఊరికే చేతిలో తిప్పాడు. "పైసలు చేతికొచ్చినంక ఒక్కసారే చెప్పి మీ అత్తను మురిపిద్దమనుకున్న. లేటయింది. తర్వాత నోరు రాలే."

రమకు కోపం రావాల్సింది. ఆ ముసలి చేతుల్ని చూస్తే రాలేదు.

"పాత పైసలంటే జగిత్యాల జలపతి మామకు అన్ని ఎరుకే గద. ఒక్క మాట అడిగితే అయిపోతుండె."

"జలపతిని అడుగుతే మీ అత్త చెవుల పడతది. అందుకే అడుగలే."

ఇద్దరూ అప్పుడే ఎక్కిన బస్సు వేములవాడ, రుద్రంగి మీదుగా కోరుట్ల చేరేసరికి మూడు దాటింది. ఆఫీసు మేడ మీద. కింద బట్టలు కుట్టే దుకాణం. మెట్ల పక్కన పెద్ద ఫ్లెక్సీ, మేడ మీద తలుపుకు తాళం.

కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న దుకాణం మనిషి ప్రవీణ తల ఎత్తకుండానే అంది. "వాళ్లు లేరు. పదిరోజులాయె సామాన్లు సర్దుకపోయి. ఫోన్లు గూడ కల్వయి."

శంకరయ్య మెట్టు మీద కూలబడ్డాడు.

"ఈ వారంల మీరు ఆరోవాళ్లు. మొన్న ఒకాయన ఇత్తడి బిందెడు చిల్లర మోసుకొచ్చిండు. అండ్ల ఇంకా నడిచే రూపాయలు గూడ ఉన్నయి. వాటితోని చాయ తాగి పో పెద్దాయనా అని తోలిచ్చిన." ప్రవీణ మిషన్ ఆపి శంకరయ్య మొహం చూసింది. నవ్వుతూ చెబుతున్నదల్లా నవ్వు మానేసింది. "మీవెట్లాంటియి?"

"దండకున్నయి. కొండీలు నేనే పట్కారతోని విరగ్గొట్టిన. టీవీల తళతళ మెరుస్తుండె అని చింతపండు పెట్టి తోమిన."

"అయ్యో పెద్దాయనా. మా తాత వెండి పనే చేస్తుండె. టంకం పెట్టిన రూపాయి నగ కిందనే లెక్క అనేటోడు. పాత పైసలు జమ చేసేటోళ్లు దాన్ని ముట్టరు, తోమినదాన్ని అస్సలే ముట్టరు. తూకం మీదనే పోతది."

రమ వాళ్ల మాటలు వింటూ ఫ్లెక్సీ చూస్తోంది. బొమ్మలో ఒక అరచెయ్యి, దాని మీద తట్టంత రూపాయి. రాజు కిరీటం పైన, సరిగ్గా అంచు మీద, రెండు టంకం మచ్చలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఏటా పెత్రమాస పొద్దున అత్త తీసి ఇస్తే ఆ దండను కుంకుడు రసంతో కడిగేది తనే. ఒక్కో కొండీ కింద ఉండే ఆ జంట మచ్చలు ఆమె వేళ్లకు తెలుసు.

"మామా, గీ మచ్చ చూడుండ్రి."

"గందుకే నమ్మిన బిడ్డ. అచ్చం మనదాని తీరుగనే ఉండె. మచ్చున్న రూపాయికి వాళ్లకు లక్షలొస్తే మనకెందుకు రావనుకున్న."

"మనదాని తీరుగ లేదు మామా. పన్నెండు రూపాయల దండదే. ఒక్క కంసాలి చేసిన టంకమే ఇది. మన ఆరు రూపాయలు ఇక్కడికి రాకముందే ఈ ఫ్లెక్సీ కట్టిండ్రు. ఇంకో ఆరు ఎవలింట్ల ఉన్నయి?"

శంకరయ్య ఆమెను చూశాడు. ఆమె అప్పటికే ఫోన్‌లో ఫోటో తీసుకుని బస్టాండు వైపు నడుస్తోంది.

జగిత్యాలలో జలపతి ఇల్లు చిన్నది. ముందు గది నిండా అద్దాల బీరువాలు. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైనాయన. బడులకు వెళ్లి పాత నాణేలు చూపించి పిల్లలకు కథలు చెబుతాడు. గోడ మీద టీవీవాళ్లు ఆయన ముందు మైకు పెట్టిన ఫోటో ఒకటి పటం కట్టించి ఉంది.

"రా బావా, చెప్పకుంట వచ్చిండ్రు. రమా, చాయ పెట్టమంటనా?"

"వద్దు మామా. అమ్మమ్మ దండ ఒక్కసారి చూపిస్తరా?"

ఆయన చెయ్యి బీరువా తాళం మీదే ఆగిపోయింది. తరువాత తీశాడు. దారానికి ఐదు రూపాయలు ఉన్నాయి. ఆరోది విడిగా, కొండీ లేకుండా, తోమి తోమి అద్దంలా ఉంది. రమ ఫోన్‌లోని ఫోటోను దాని పక్కన పెట్టింది. పెద్ద మచ్చ, చిన్న మచ్చ.

జలపతి కూర్చున్నాడు. "టీవీల కనిపించేది చెయ్యే గద రమా, మొఖం లేదు గద" అన్నాడు, ఆ మాట తనకే రుచించనట్టు మధ్యలోనే గొంతు తగ్గించి.

"మా మామ మా వంతు ఆరు రూపాయలు కోరుట్లల ఇచ్చొచ్చిండు. వాళ్లు లేరు. రూపాయలు లేవు. ఇంట్ల అత్తమ్మ నా దగ్గర తాళంచెయ్యి గుంజుకున్నది."

జలపతి బావ వైపు చూశాడు. శంకరయ్య నేల చూశాడు. రమ ఫోన్‌లో అత్త నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, జలపతి ముందు ఉంచింది.

"నాకు గాదు మామా. మీ అక్కకు చెప్పుండ్రి."

"హలో, ఎవలు?" ఇంద్రమ్మ గొంతు.

జలపతి ఫోన్ దగ్గరికి వంగాడు.

"అక్కా, నేను జలపతిని. రమను ఏమనకు, ఆ పిల్లకేం తెల్వదు. రూపాయలు తీసింది బావ. తీసేటట్టు చేసింది నేను. టీవీల రూపాయి తిప్పే చెయ్యి నాదే. పోయినేడు టీవీవాళ్లు వచ్చినప్పుడు నేను రెండు మాటలు చెప్పిన. ఎవలి చెయ్యి పడని అరుదైన నాణెం ఉంటే వేలంల లక్షలు పలుకచ్చు అన్న. కని మన ఇండ్లల్ల ఉన్నయి, దండలకు గుచ్చినయి, వెండి ధరకే పోతయి అన్న. రెండో మాట కోసేసిండ్రు. ఎందుకు కోసిండ్రని నేను అడుగలే. తెల్లారి బస్టాండ్ల నలుగురు గుర్తుపట్టి సార్ సార్ అన్నరు అక్కా. నలభయ్యేండ్లు గీ నాణేలు దాసిన, ఒక్కలు గట్ల పిలువలే. తర్వాత కోరుట్లోళ్లు వచ్చిండ్రు. మొఖం వద్దు సార్, చెయ్యి చాలన్నరు. వాళ్లు ఏం చెప్పుతరో నాకు ఎరుకే. బీరువల మంచి నాణేలున్నయి, వాటికి గీకులు పడతయని ఇయ్యబుద్ధి కాలే. అవ్వ రూపాయికి కొండీ విరగ్గొట్టి, తోమి ఇచ్చిన. అదెందుకూ పనికిరానిదని తెలిసే ఇచ్చిన. నా దగ్గరికొచ్చి అడిగినోళ్లకు నిజమే చెప్పిన అక్కా, ఒక్కలకు గూడ అబద్ధం చెప్పలే. అడగనోళ్లకు చెప్పలే. బావ అడుగలే."