తోడు అన్నచోట

బీడీల తునికాకు కట్టలు కడుతూనే మా ఆయన బలరాంకి చెప్పాను, సోమవారం పెద్ద దవాఖానాలో నాకు గర్భసంచి ఆపరేషన్ అని, తోడు ఒకరుంటేనే చేర్చుకుంటారని. ఆకు మీంచి తల ఎత్తలేదు. "తండావాళ్లందర్నీ నువ్వే తోల్కపోతవ్ గదా. నీకు తోడేంది?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.

ఆశా వర్కర్‌గా చేరి రెండేళ్లయింది. ఏన్కూరు పక్కన మా తండాలో ఎవరికి నొప్పులొచ్చినా ఆటో మాట్లాడేది నేను, వాళ్ల బట్టలు పిండేది నేను. తిరిగొచ్చేసరికి మా పొయ్యి చల్లగా ఉంటుంది, అత్త నా మొహం చూడకుండా ఖాళీ గిన్నె వంక చూస్తుంది. నలుగురికి సాయపడితే మనసు నిండుతుందని ట్రైనింగ్‌లో మేడమ్ చెప్పింది. నాకెప్పుడూ నిండలేదు. ప్రతి కాన్పు తర్వాత బస్సులో ఒక్కదాన్నే వస్తుంటే ఏడుపొచ్చేది.

ఆ ఏడుపు ఎందుకో ఈమధ్యే తెలిసింది. నాకు ఆరేళ్లప్పుడు అమ్మానాన్నలు మిరపకాయ ఏరడానికి వలసపోతూ నన్ను చండ్రుగొండలో మేనమామ ఇంట్లో వదిలారు. గిన్నెలు తోముతున్న నన్ను చూసి ఆయన భార్య, "పని జేస్తది, ఉండనియ్" అంది. అప్పట్నుంచీ ఎవరింటికెళ్లినా ముందు పని వెతుక్కుంటాను, తర్వాతే కూర్చుంటాను.

సోమవారం ఆటోల దగ్గర లాలి కనబడింది. ఆమె రెండు కాన్పులకూ నేనే ఉన్నాను.

"మొహం గట్ల పీక్కపోయిందేందక్కా, నేను రావాల్నా?" అంది.

ఒక్కమాట అంటే వచ్చేది. కాన్పు కేసు ఉందని అబద్ధమాడి, నువ్వు ఆకు కోతకు పొమ్మన్నాను. ఆమె వస్తే నా మంచం పక్కన కూర్చుంటుంది, నేను ఏమీ చేయకుండా పడుకోవాలి. ఏ పనీ చేయని నన్ను ఎవరైనా ఎందుకు ఉంచుకుంటారో నాకిప్పటికీ తెలియదు. భయమేసింది.

దవాఖానాలో సిస్టర్ నన్ను గుర్తుపట్టి కేసు ఎవరని అడిగింది. నేనేనన్నాను. తోడు ఎవరంటే అలవాటు కొద్దీ నా పేరే చెప్పాను. ఆమె నవ్వింది, తర్వాత నవ్వాపి కాగితం పక్కన పెట్టింది. ఎవరినైనా పిలిపించుకో సోనీ, ఇట్లా కుదరదంది.

బెంచీ మీద కూర్చున్నాను. లోపల గుడ్డ నెత్తురుతో తడుస్తూనే ఉంది. పక్కన నొప్పులు పడుతున్న పిల్ల పేరు భీమక్క. మొగుడు ఆమెను దింపి ఆకు అమ్మే కల్లానికి వెళ్లిపోయాడట, సంతకం పెట్టేవాళ్లు కావాలంటున్నారు. నేనెవరో కూడా తెలియకుండానే నా చెయ్యి పట్టుకుంది.

"జర నా దగ్గరుంటవా అక్కా?"

ఎంత సులువుగా అడిగింది. ముప్పై ఏళ్లొచ్చినా ఆ మాట నా నోట రాలేదు. అసూయతో నాకు కళ్లు మండాయి.

లేచి వెళ్లి ఆమె కాగితం మీద, తోడు అన్నచోట నా పేరు రాశాను.

"మరి నీ ఆపరేషనో?" అంది సిస్టర్.

"నాకు పనుంది సిస్టర్" అన్నాను. అప్పటికి గాని నా భయం తగ్గలేదు.