పైకి మానిన పుండు

సుమంగళ చేతి మందంటే రాయచూరులో వాళ్ళ వీధికంతటికీ గురి. ఆమె భర్త ఈరన్న ఇరవై ఏళ్లుగా పత్తి మార్కెట్లో, ఎండలో నిలబడి తూకం వేస్తున్నాడు. అతని ముక్కు పక్కన నల్లటి మచ్చ లేచింది. గోరు తగిలితే చాలు, నెత్తురు కారేది. సుమంగళ జిల్లేడు పాలలో పసుపు, వేపచెక్క పొడి కలిపి ఇరవై రోజులు పూసింది. మచ్చ మాడి పెచ్చుగా ఊడిపోయింది. కింద లేత చర్మం వచ్చింది.

ఎనిమిది నెలలకు ఆ వైపు కన్ను ఆగకుండా నీరు కారసాగింది. చెంప మొద్దుబారి, గడ్డం గీసుకుంటుంటే తెగినా అతనికి తెలియలేదు. ఆసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, స్కానింగు చేశారు. వారం తర్వాత డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"ఇక్కడ ముందు ఏమన్న మచ్చ ఉండెనా?"

"ఉండె మేడం. నేనే మాన్పిన," అంది సుమంగళ, కాస్త గర్వంగానే.

"మానలేదమ్మా. అది చర్మం కాన్సర్. మీ మందు పైపైన కాల్చింది, తోలు మూసుకుంది. లోపలిది కంటి కింది ఎముక దాక పోయింది. అప్పుడే వచ్చింటే చిన్న కోతతో అయిపోతుండె."

ఆ తర్వాతి మాటలేవీ సుమంగళ చెవిన పడలేదు. ఈరన్నే మెల్లగా అన్నాడు: "అక్క కాలికి గూడ ఇచ్చినావు గద."

మస్కిలో ఉండే ఆడబిడ్డ బసవ్వకు, పిక్క మీది పుండుకని, రెండు నెలల కిందట డబ్బా నింపి ఇచ్చింది తనే. వరండాలోకి వచ్చి ఫోను చేసింది.

"వదినె, కాలు ఎట్లుంది?"

"మస్తు మానింది సుమంగళా. నున్నగైంది. పక్కింటి మారెవ్వకు గూడ ఇంత ఇచ్చిన."

ఆ మధ్యాహ్నమే మస్కి బస్సెక్కింది.

"మానినదానికి దవాఖాన ఏంది?" అంది బసవ్వ.

"నా మందు మాన్పలే వదినె, రోగాన్ని లోపల దాచిపెట్టింది. అది మీ తమ్ముని ముఖంల ఎముక తినబట్టింది."

బసవ్వ చెప్పులేసుకుని మారెవ్వను పిలవడానికి పక్కింటికి నడిచింది.

ఆసుపత్రిలో మారెవ్వది ఉత్త తామర అని తేలింది. బసవ్వ పిక్కలో, నున్నటి తోలు కింద, కాన్సర్ ఉంది. ఇంకా లోతుకు పోలేదు, కోసి తీసేశారు. ఈరన్నకు సగం ముక్కూ చెంప ఎముకా పోయాయి, మనిషి దక్కాడు. మూడు నెలలకు ముఖానికి తువ్వాలు చుట్టుకుని మళ్ళీ మార్కెట్టుకు వెళ్ళాడు.

వీధివాళ్లు ఇంకా మందు కోసం వస్తూనే ఉన్నారు. సుమంగళ వాళ్లను లోపలికి పిలిచి, ఈరన్నను తువ్వాలు తీయమంటుంది.