ఎగచేపు

పెద్దమ్మ వేళ్లు విరిగిన చప్పుడు నేను చెవులారా విన్నాను. కూలీలూ, చదువుకునే పిల్లలూ, మీరూ వినండి. ఆ పొద్దున పాలషెడ్డులో ఇరవైమందిమి ఉన్నాం. వణికించే చలి. మేస్త్రీ బూటుకాలితో పెద్దమ్మ కుడిచేతిని గచ్చుకేసి తొక్కాడు. ఆమె చేసిన నేరమల్లా చూడితో ఉన్న మచ్చావుకి దోసెడు తవుడు పెట్టడం.

"వట్టిపోయినవాటికి చలికాలమంతా ఎండుగడ్డేనని యజమాని చెప్పాడా లేదా? పాలివ్వని ఆవుకి దాణా దండగ!"

"దండగేంట్రా నీ మొహం!" నేలమీద నుంచే తిట్టింది పెద్దమ్మ. "కడుపులో దూడ, బయట ఇంత చలి. ఒంట్లో కండంతా కరిగిపోతోంది. ఇప్పుడు మాడిస్తే ఈనాక పాలెక్కణ్ణుంచి వస్తాయి? మీ అయ్య ఇస్తాడా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రీ ఆమె ఎడమచెయ్యి కూడా తొక్కాడు. మేం చూస్తూ నిలబడ్డాం. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

మధ్యాహ్నానికి మచ్చావు కూలబడి చచ్చిపోయింది. కడుపులో దూడ కాసేపు కదిలి ఆగిపోయింది. బస్తాలతో నిండిన దాణాగది పదడుగుల దూరంలోనే తాళం వేసి ఉంది.

"యజమాని కాళ్లమీద పడదాం," అన్నాడు గడ్డిమిషను నడిపే మా బావ.

"పడి ఏం ఏరుకుంటావ్?" పెద్దమ్మ కోడలు విరుచుకుపడింది. "ఆవులు వట్టిపోతే మనల్నీ ఇంటికి పొమ్మంటారు. వాళ్లకి మనమూ దండగే! తాళం పగలగొట్టండి."

గడ్డపార తెచ్చింది మా బావే. తవుడు బస్తాలు భుజాలకెత్తుకుని వట్టిపోయిన ఆవుల దగ్గరకి పరిగెత్తాం. కాపలావాళ్లు కర్రలతో మీదపడ్డారు. బావ తల పగిలింది. నెత్తురు తవుడులో కలిసింది. ఈసారి మేం చూస్తూ నిలబడలేదు, పాలక్యాన్లెత్తి వాళ్ల మొహాలు పచ్చడి చేశాం. మేస్త్రీ పేడగుంటలో పడి అమ్మా అని ఏడ్చాడు. ఆవులు మాత్రం తలెత్తకుండా తిన్నాయి.

బావ నా ఒళ్లోనే ప్రాణం వదిలాడు. పోలీసులొచ్చి చంపినవాళ్లని వదిలేసి, చేతులకి కట్లున్న పెద్దమ్మని జీపెక్కించారు.

"కొట్టేవాడు పక్కనుంటే ఆవు పాలు పొదుగులోనే బిగపట్టి ఎగచేపుతుంది, చూశారుగా," అని జీపులోంచి అరిచింది. "మీరూ ఎగచేపండర్రా!"

సాయంత్రం పాలు తీసే వేళయింది. కాపలావాళ్లు పితకడానికి కూర్చుంటే పాడావులు తన్నాయి, చుక్క వదల్లేదు. యజమానే వచ్చి పెద్దమ్మ కోడల్ని జుట్టుపట్టి ఈడ్చుకొచ్చి ఆవు కింద కూలదోశాడు.

"పితుకు!"

ఆమె పొదుగు నిమిరింది. తెలిసిన చెయ్యి కదా, ఆవు చేపింది. నాలుగు చన్నుల్లోంచీ పాలు వాటంతటవే గచ్చుమీద కారాయి. కోడలు చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. వీపుమీద కర్ర పడింది. చేతులు కదల్లేదు.

మిగిలినవాళ్లం ఒక్కొక్కరం వెళ్లి తలో ఆవు కిందా కూర్చున్నాం. పొదుగులు నిమిరాం, చేతులు కట్టుకున్నాం. షెడ్డంతా పాలు కారిపోతున్నాయి. యజమాని ఎవర్ని కొట్టాలో తెలియక గింగిరాలు తిరుగుతున్నాడు.

ఆ పూట ఆవులన్నీ చేపాయి. ఎగచేపింది మేము.