పనికిమాలిన ఆవు

హేమావతి బీఎస్సీ జువాలజీ పాసై, మదనపల్లెలో ఒక స్వచ్ఛంద సంస్థలో ఇంటర్న్‌షిప్‌కు చేరింది. పల్లె బడికి పోయి, అంతరించిపోతున్న జంతువుల గురించి, వాటిని కాపాడే ఉద్యోగాల గురించి పిల్లలకు చెప్పాలి. పని నచ్చితే సంస్థవాళ్లు కుప్పంలో, ఏనుగుల ప్రాజెక్టులో ఉద్యోగం ఇస్తారు. నచ్చకపోతే మేనమామ టమాటా మండీ ఉండనే ఉంది. కాలేజీలో కప్పను కోసిన చేత్తో జీవితాంతం టమాటా గంపలకు చీటీలు రాయడం తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చేది.

ఆమెకిచ్చిన బడి పుంగనూరు దాటాక సదుం దారిలో ఉంది. 2003వ సంవత్సరం, ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. మొదటిరోజే గోడకు పులి బొమ్మ తగిలించి, పులి లేకపోతే అడవి ఏమవుతుందో గొంతు పోయేదాకా చెప్పింది.

"పులి ఉంటే మా మేకలు ఏమైతాయి మేడం?" అన్నాడు నవీన్ అనే పిల్లవాడు.

ఉద్యోగాల సంగతి ఎత్తుకుంటే పావని లేచింది. క్లాసులో అందరికన్నా నోరున్న పిల్ల. "ఆవుల్ని సూసుకుంటే జీతమిస్తారా మేడం? మా ఇంట్లో ఊరికే సూసుకుంటాం గదా!"

పులితో లాభం లేదని హేమావతికి అర్థమైంది. ఊళ్లో ఉన్నదాన్నే పట్టుకోవాలి. పుంగనూరు ఆవు ఉంది కదా! మూడడుగుల ఎత్తు, మీగడలాంటి పాలు. వెతికినా దొరకనంత తగ్గిపోయిన జాతి. వెంటనే ఆఫీసుకు కబురు పంపింది, నెల చివర, ముగింపు రోజున పిల్లల ముందు అసలు సిసలు పుంగనూరు ఆవును నిలబెడతానని. ఆవు ఎక్కడుందో తెలుసుకోకుండానే మాటిచ్చేసింది మహాతల్లి.

"పుంగనూరు ఆవు ఎవరింట్లో ఉంది?" అని క్లాసులో అడిగితే అన్ని చేతులూ లేచాయి. మర్నాటికి బడి ఆవరణ పశువుల సంత అయింది. నవీన్ పొట్ట ఉబ్బిన దూడను లాక్కొచ్చాడు. ఇంకొకడు గేదెదూడను తెచ్చి, నలుపు వానకు పోతుందన్నాడు. ఒక పిల్ల ఏకంగా మేకపిల్లనే తెచ్చింది. ఆ చుట్టుపక్కల ఎదగని ప్రతి దూడా పుంగనూరుదే. హెడ్మాస్టరు ముక్కుకు రుమాలు కట్టుకుని పాఠం చెప్పుకున్నాడు.

పావని ఒక్కతే ఏమీ తేలేదు. "మా తాతది పుంగనూరు ఆవు కాదు మేడం. ఉత్త పనికిమాలింది."

కాదన్నది ఆ పిల్ల ఒక్కతే కాబట్టి, సాయంత్రం హేమావతి వాళ్లింటికే వెళ్లింది. కొట్టంలో తెల్లటి చిన్న ఆవు. వెడల్పు నొసలు, బెత్తెడు కొమ్ములు, నేలను తుడిచే తోక. పుస్తకంలో బొమ్మ లేచొచ్చి నెమరేస్తున్నట్టుంది.

"అబ్బ! ఎంత ముద్దుగా..." అనేలోపే పావని అవ్వ నారాయణమ్మ పరుగున వచ్చి ఆవు మీద దుప్పటి కప్పేసింది.

"ముద్దు ఏముండాదమ్మా దాంట్లో?" అన్నాడు తాత యల్లప్ప, మొహం మాడ్చుకుని. "నులిపురుగులు పట్టి ఎదగల్యా. పాలూ ల్యా, పాడూ ల్యా. పనికిమాలింది."

ఆ రాత్రి ఆవు గడ్డి ముట్టలేదు. నేరం హేమావతి కళ్లమీద పడింది. నారాయణమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేసింది. మర్నాటి నుంచి హేమావతి వస్తోందంటే చాలు, కొట్టం తలుపు మూతపడేది. ఒకసారి ఎలాగో లోపలికి దూరితే ఆవే తన్నింది.

సంగతి పావని చెప్పింది. ఈ ఆవు తల్లి ఇంకా బాగుండేదట. ఎవరో పెద్దమనిషి కారు దిగి, దాని వీపు నిమిరి, ఇలాంటి ఆవును ఎక్కడా చూడలేదని మెచ్చుకుని పోయాడు. వారం తిరక్కుండానే అది కాళ్లు చాచేసింది. "అప్పటినించి దీన్ని ఎవురు మెచ్చుకున్నా తాతకు వణుకు మేడం. ఎవురన్నా తిడితే సంతోషపడతాడు."

హేమావతికి దిష్టి మీద నమ్మకం లేదు. టమాటా మండీ మీద మాత్రం గట్టి నమ్మకం ఉంది. మర్నాడు క్లాసు మొత్తాన్ని యల్లప్ప వాకిట్లో నిలబెట్టింది. "థూ, ఇదేం ఆవు!" "దీనికంటే మా మేక నయం!" "దీని మొహం సూస్తే అన్నం పుట్టదు!" పిల్లలు గొంతెత్తి, పోటీలుపడి తిట్టారు. యల్లప్ప మొహం వికసించింది. పిల్లలందరికీ మజ్జిగ పోయించాడు.

"బడికి తోలుకొస్తాలేమ్మా," అన్నాడు చివరికి. "ఆడ ఒక్కరు గూడా దీన్ని మెచ్చుకోకూడదు. నువ్వు మాటియ్యాల."

హేమావతి ఆవు నెత్తిన చెయ్యిపెట్టి మాటిచ్చింది.

ముగింపు రోజు వచ్చింది. ఉద్యోగం ఇచ్చేదీ మానేదీ తేల్చే మనిషి రాజగోపాల్, సంస్థ జీపులో దిగాడు. యల్లప్ప దంపతులు ఆవుతో వచ్చారు. ఆవు దవడ మీద పెద్ద కాటుక చుక్క.

"పిల్లలూ, ఈ ఆవు గొప్పతనమేంటి?" అన్నాడు రాజగోపాల్.

"ఏమీ ల్యా సార్," అంది పావని.

"పాలు ఎలా ఉంటాయి?"

"నీళ్ల మాదిరి సార్," అన్నాడు నవీన్.

"మరి దీన్ని కాపాడాలా, వద్దా?"

క్లాసంతా ఒకసారి యల్లప్ప వైపు చూసి, "దేన్ని సార్?" అంది.

రాజగోపాల్ మొహం ఎర్రబడింది. "ఏమ్మా, ఇన్నాళ్లూ నేర్పింది ఇదేనా? అసలిది పుంగనూరు ఆవా, కాదా? నువ్వు చెప్పు."

హేమావతి కళ్లముందు టమాటా గంపలు వరసగా నిలబడ్డాయి. ఒక్కమాట అంటే చాలు. కానీ ఎదురుగా యల్లప్ప పలుపుతాడును రెండు చేతులా బిగించి పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు.

"ఉత్త పొట్టి ఆవు సార్," అంది.

రాజగోపాల్ జేబులోంచి పెన్ను తీశాడు. ఏం రాయబోతున్నాడో యల్లప్పకు కూడా తెలిసిపోయింది.

"సార్," అంటూ ముందుకొచ్చాడు. "ఈ పిల్ల గూడా అంతే సార్. దేనికీ పనికిరాదు. ఎండనకుండా మా ఇంటికి తిరిగింది, ఆవు తన్నినా పోల్యా. ఉత్త మొండిది. ఏమీ తెలీదు దీనికి. పనికిమాలింది సార్."

హేమావతి మనసు చివుక్కుమంది. ఇంతలో నారాయణమ్మ చల్లటి వేలు ఆమె చెంపకు తగిలింది. ఆవుకు పెట్టిన కాటుకే. అప్పుడు అర్థమైంది, ముసలాయన తనను ఏ కొట్టంలో కట్టేశాడో. కన్నీళ్లు ఆగలేదు.

రాజగోపాల్ ఆవు దవడ చూశాడు. హేమావతి చెంప చూశాడు. పెన్ను ఆగింది. ఆయనకన్నా ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదని, వాళ్లమ్మ ఆయన్ను పుట్టగానే పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అని పేరు పెట్టుకుంది. రాజగోపాల్ అన్నది బడిలో చేరినప్పుడు వచ్చిన పేరు. అమ్మ పోయాక ఆయన్ను పెంటయ్యా అని పిలిచినవాళ్లు లేరు.

"నిజమేనప్పా," అన్నాడు పెన్ను జేబులో పెట్టుకుంటూ. "చాలా పనికిమాలిన ఆవు. ఇట్లాంటి పనికిమాలినవి ఈ చుట్టుపక్కల ఇంకెన్ని ఉన్నాయి?"

యల్లప్ప ఆవు మెడ నిమిరాడు. "యాడుండాయి సార్! మా నాయన కాలంలో ఇంటింటికీ ఉండె. ఇప్పుడు ఇదొక్కటే."

పిల్లలంతా ఆవుకేసి తిరిగారు. నెలరోజులు చార్టులు చూపించినా ఎక్కని పాఠం అప్పుడు ఎక్కింది.

పావని చెయ్యెత్తింది. "సార్, నేను పెద్దయినాక పనికిమాలిన ఆవుల డాక్టరవుతా."

"అవుదువుగాని," అంటూ రాజగోపాల్ జీపు వైపు నడిచాడు. ఎక్కబోతూ వెనక్కి తిరిగి, అందరికీ వినబడేటట్టు, "ఈ హేమావతంత పనికిమాలిన పిల్లను నేనెక్కడా చూడలేదు. ఒకటో తేదీనుంచి కుప్పం ఆఫీసుకు రమ్మనండి," అన్నాడు.