మండవనుకున్న డ్రమ్ములు

దీవెన గుడివాడలో బ్యాంకు పరీక్షల కోచింగులో చేరినప్పటి నుంచి ఆమె భర్త విజయ్ కుమార్‌కి ఇంగ్లీషు మీద సరదా పుట్టింది. నాగాయలంక అవతల భుజంగరావుగారి రొయ్యల చెరువుల మీద అతను సూపర్‌వైజరు. వారమంతా హాస్టల్లో ఉండే భార్య చేత రోజూ ఫోన్లో ఒక పాఠం చెప్పించుకునేవాడు. మాట ముందు ఐ, ఎన్ అనే రెండక్షరాలు చేరితే అర్థం తిరగబడుతుందని ఆమె చెప్పిన దగ్గర నుంచి అతనికి అదే ఆట. కరెక్ట్ అంటే సరైనది, ఇన్‌కరెక్ట్ అంటే కానిది. విజిబుల్ అంటే కనపడేది, ఇన్‌విజిబుల్ అంటే కనపడనిది. మేత బస్తాల మీదా మందు డబ్బాల మీదా ఆ రెండక్షరాల కోసం వెతుక్కునేవాడు.

ఆ గురువారం ఆమె క్లాసుకి పరుగెడుతుండగా ఫోన్ చేశాడు.

"ఏరియేటర్ల ఫ్రేములు విరిగితే వెల్డర్ని పిలిపించాను. షెడ్డులో రంగులేసేవాళ్లు దించిన డ్రమ్ములున్నాయి, బయటికి దొర్లిద్దామంటున్నాడు. వాటి మీద ఇన్‌ఫ్లేమబుల్ అని రాసుంది. ఫ్లేమ్ అంటే మంటే కదా?"

"మంటేనండీ."

"ముందు ఇన్ ఉంది కాబట్టి మండదన్నమాట."

"అంతేనండీ. సార్ వచ్చేశారు, మళ్లీ చేస్తాను."

ఆమె వెళ్లి కూర్చుంది. గోపాలకృష్ణమూర్తిగారు బోర్డు మీద రెండు మాటలు రాశారు. ఇన్‌వాల్యుబుల్, ఇన్‌ఫ్లేమబుల్.

"మొన్న చెప్పిన సూత్రం పట్టుకుని వెళ్తే ఇక్కడ బోర్లా పడతారు," అన్నారాయన. "మొదటిది విలువ లేనిది కాదు, వెల కట్టలేనిది. రెండోది మండనిది కాదు. ఇన్‌ఫ్లేమ్ అంటే రగిలించడం. దాన్నుంచి పుట్టింది ఈ మాట. ఇట్టే అంటుకునేదని అర్థం."

దీవెన చటుక్కున లేచి నిలబడింది.

"సార్, దాని దగ్గర వెల్డింగ్ చేస్తే?"

ఆయన ఆమె మొహం చూసి సుద్దముక్క కింద పెట్టారు. "ఎక్కడమ్మా?"

జవాబు చెప్పకుండానే ఆమె వరండాలోకి పరుగెత్తింది. విజయ్ ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. చెరువు నీళ్లకి గాలి కొట్టే ఆ ఏరియేటర్ల హోరులో జేబులో ఫోను మోగినా వినపడదని ఆమెకి తెలుసు. ఇక మిగిలింది అత్తగారు వెంకాయమ్మ. చెరువు గట్టు మీద పాకలో పనివాళ్లకి వండిపెడుతుంటుంది. రెండో రింగుకే ఎత్తింది.

"అత్తయ్యా, మీ అబ్బాయి షెడ్డులో ఉన్నారు. వెల్డింగ్ ఆపించండి. ఆ డ్రమ్ములు అంటుకుంటాయి."

"ఏం డ్రమ్ములమ్మాయ్?"

"తర్వాత చెప్తాను, పరుగెత్తండి అత్తయ్యా. ఫోను కట్టెయ్యకండి."

అవతల గిన్నె దొర్లిన చప్పుడు, ఆ తర్వాత ఆవిడ ఆయాసం వినపడ్డాయి. మోకాళ్ల నొప్పులతో చర్చికి కూడా ఆటోలోనే వెళ్లే మనిషి. హోరు దగ్గరవుతోంది. "ఒరే విజయ్" అని ఆవిడ అరిచింది. ఇంకోసారి అరిచింది. ఎవరూ పలకలేదు. దీవెన వరండా ఊచ పట్టుకుని, ప్రభువా ప్రభువా అనుకుంటూ ఉండిపోయింది. ఇంకే ప్రార్థనా నోటికి రాలేదు.

ఏదో ఇనుము ఠంగుమన్న మోత. హోరు ఒక్కసారిగా తెగిపోయింది.

ఏమీ వినపడలేదు. ఆమెకి కళ్ల ముందు ఎర్రగా కనబడింది. ఊపిరి తీస్తే అవతలి శబ్దం వినపడకుండా పోతుందేమోనని ఊపిరి కూడా బిగబట్టింది.

అప్పుడు దూరం నుంచి విజయ్ గొంతు, కోపంగా: "ఎవరా మెయిన్ స్విచ్చి దించింది? రొయ్యలు చచ్చిపోతాయి."

"అత్తయ్యా, ఫోను ఆయనకివ్వండి," అంది దీవెన.

కాసేపటికి అతను ఫోనందుకున్నాడు. ఆ మాటకి అసలు అర్థమేమిటో ఆమె చెప్పింది.

"ఒక డ్రమ్ము కారుతోంది దీవెనా," అన్నాడు. "నీళ్లనుకుని తొక్కుకుంటూ తిరిగాం. వెల్డర్ మాస్కు దించాడు. కడ్డీ ఆనించబోతుంటే కరెంటు పోయింది."

డ్రమ్ములు బయటికి దొర్లించి, షెడ్డు తలుపులన్నీ బార్లా తీసి, చెరువులకి కరెంటు ఇచ్చేసరికి కొన్ని రొయ్యలు పైకి తేలి మూతులు ఆడిస్తున్నాయి. భుజంగరావుగారు తిట్టడానికే వచ్చారు. సంగతి విన్నాక గట్టు మీద కూర్చుని మంచినీళ్లడిగారు.

దీవెన పామర్రులో ఒక బస్సు, అవనిగడ్డలో ఇంకో బస్సు మారి పొద్దుగూకేవేళకి చెరువు దగ్గర దిగింది. విజయ్ పాక ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. సబ్బుతో ఎన్నిసార్లు కడుక్కున్నా కాళ్లకి ఆ వాసన వదల్లేదు.

"అంతేనండీ అన్నది నేనే," అంది ఆమె.

"అడిగింది నేను. వెల్డర్ వద్దంటూనే ఉన్నాడు. ఇంగ్లీషు రాదని వాణ్ని చూసి నేనే నవ్వాను."

పొయ్యి పాక వెనక్కి, చాలా దూరం జరిపి పెట్టింది వెంకాయమ్మ. "నువ్వు చెప్పింది ముక్క అర్థం కాలేదమ్మాయ్," అంది ఎసరు చూస్తూ. "నీ గొంతు విని హడలిపోయాను. పిలిస్తే వీడు పలకడే. ఇంకేం చెయ్యను, మెయిన్ దించేశాను."

దీవెన భర్త పక్కన కూర్చుని అతని మణికట్టు పట్టుకుంది. అన్నం ఉడికేదాకా వదల్లేదు.